సీతాకోకచిలుకల మేతమొక్కలు - పుస్తకములలో లేని నెలలు

సీతాకోకచిలుకను చూడని వారుండరు. చూచిన వారిలో చాలమంది దానిని పువ్వు మీదనే చూచియుందురు. అందుచేత దాని ఆహారమేమని అడిగినచో, పిల్లలు మొదలు పెద్దల వరకు అందరును పూలలోని తేనె అనియే చెప్పుదురు. ఈ సమాధానము తప్పు కాదు. సగము సమాధానము మాత్రమే. రెక్కలు వచ్చిన పిమ్మట అది త్రాగునది తేనె. రెక్కలు రాకముందు, పురుగుగా నున్న రెండు మూడు వారములలో అది తినునది ఆకు. ఒంటిని పెంచునది ఆ ఆకే. తేనె పయనమునకు దారిబత్తెము వంటిది. ఆకు లేనిదే పయనించుటకు ప్రాణియే ఉండదు.

ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. ఈ పురుగును మనము గొంగళిపురుగు అందుము. గొంగళి కప్పుకొన్నట్లు ఒళ్ళంతయు నూగు గల పురుగులు ఎక్కువగా రాత్రి తిరుగు చిమ్మెటల పిల్లలు. నిమ్మ, కరివేప మీద పెరుగు సీతాకోకచిలుక పురుగు నున్నగా, పచ్చగా ఉండును. కాని ఒక్క పేరు చాలునని భాష అన్నిటికిని గొంగళి కప్పినది. పేరు చెడ్డది కావుటచేత పురుగు కూడ చెడ్డదైనది. దీని ఫలము ముందు చూతము.

ఆకు అనగా ఏ ఆకైనను కాదు. ప్రతి జాతి పురుగునకును కొన్ని మొక్కలే పనికివచ్చును. మొక్కలు తమ ఆకులలో చేదును, విషమును నిలువచేసికొనును. ఏ జాతి పురుగు ఏ విషమును అరిగించుకొనుట నేర్చినదో ఆ మొక్కయే దానికి అన్నము. 1964లో అమెరికా శాస్త్రజ్ఞులు పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ గార్లు ఈ సంగతిని వివరించుచు, మొక్కలును సీతాకోకచిలుకలును ఒకదానికొకటి బదులు చెప్పుకొనుచు మారుచు వచ్చినవని ఒక ప్రసిద్ధ వ్యాసములో వాదించిరి. అప్పటినుండి మేతమొక్కల పట్టికలకు విలువ పెరిగినది. ఏ సీతాకోకచిలుక ఏ మొక్క మీద గ్రుడ్లు పెట్టునో వరుసగా వ్రాసియున్న పట్టిక లేని గ్రంథము నేడు లేదన్నను తప్పులేదు. ఈ పట్టికలను గూర్చియే నా విమర్శ. వానిని గ్రంథాలయములో కూర్చుండి చదివినచో లోపమేమియు కనిపించదు. కామారెడ్డి నుండి తాడ్వాయి, లింగంపేటల మీదుగా ఎల్లారెడ్డి వరకు గల పొలముల నడుమ నిలిచి చదివినచో ఒక పెద్ద ఖాళీ కనిపించును. మొక్క పేరున్నది, ఆ మొక్క ఏ నెలలో దొరకునో లేదు.

ముందు ఈ నేలను చూతము. 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడినది. ఎల్లారెడ్డి అందులోని ఒక రెవెన్యూ డివిజను. తూర్పున ఎఱ్ఱ చెలకలు, పడమట మద్నూరు, జుక్కల్, బిచ్కుందల వైపు నల్లరేగడి. మంజీర మీద 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు ఎల్లారెడ్డికి చేరువనే ఉన్నది. దాని నీరు బాన్సువాడ, బోధనుల వైపు సాగిపోవును. 1922 నాటి పోచారము చెరువు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతములకు నీరిచ్చును. ఆ చెరువు చుట్టును ఉన్న అడవి 1952 నుండి అభయారణ్యము. మిగిలిన చోట్ల ఊరూర కుంటలు, బోరుబావులు. వర్షములో అత్యధిక భాగము మృగశిర నుండి ఉత్తర కార్తె వరకు కురియును. వానాకాలమున వరి, మొక్కజొన్న, సోయాచిక్కుడు, పత్తి, పెసర, మినుము, కంది. యాసంగికి నీరున్న చోట మరల వరి, రేగడిలో శనగ. ఇట్టి నేల మీద ఆహారము ఋతువుతోపాటు వచ్చి ఋతువుతోపాటు పోవును.

ఇప్పుడు పుస్తకముల సంగతి. మన దేశపు సీతాకోకచిలుకల మేతమొక్కలను గూర్చిన జ్ఞానమునకు పునాది వేసినవాడు టి.ఆర్. బెల్. ఈయన ఉత్తర కన్నడ జిల్లాలో అటవీశాఖ ఉద్యోగి. పురుగులను స్వయముగా పెంచి, అవి ఏ ఆకు తినునో, ఎట్లు రంగు మార్చునో, పట్టుతో ఎట్లు వ్రేలాడునో చూచి 1909 నుండి 1927 వరకు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ధారావాహికముగా ప్రకటించెను. ఈనాటి పట్టికలలోని అనేకములైన పేర్లకు మూలము బెల్ పెంచిన పురుగులే. ఆయన వ్రాతలో కన్ను ఉన్నది, ఓర్పు ఉన్నది. అయితే ఆ వ్యాసముల శీర్షికలో భారతదేశపు మైదానములు అని ఉన్నను, ఆయన ఎరిగిన భూమి కారవారు చుట్టుపట్ల కల తడి అడవులు. అచ్చట ఎండాకాలమున కూడ పచ్చదనము పూర్తిగా మాయము కాదు. ఆకు ఎప్పుడు దొరకును అను ప్రశ్న ఆ అడవిలో అంత తీవ్రముగా తోచదు. తాడ్వాయి చెలకలో చైత్రమాసపు మిట్టమధ్యాహ్నము నిలిచిన వానికి అదియే మొదటి ప్రశ్న.

1957లో అదే సంఘము ప్రకటించిన వింటర్ బ్లైత్ గ్రంథము చాల కాలము మన చేతిలోని ప్రధాన సాధనము. ఆ రచయిత రాజకోటలో రాజకుమార కళాశాలకు ప్రధానాచార్యుడు. కంటబడిన సీతాకోకచిలుక ఏదో గుర్తించుటకు వలయు సూచికలు ఆ గ్రంథమునకు వెన్నెముక. ఆ పని అది చక్కగా చేసినది. చేయబూననిదానికి దానిని నిందించుట న్యాయము కాదు.

2000లో మన హైదరాబాదు నుండియే యూనివర్సిటీస్ ప్రెస్ వారు ప్రకటించిన కృష్ణమేఘ్ కుంటే గారి దక్షిణాపథపు సీతాకోకచిలుకల గ్రంథము వేరు తరగతికి చెందినది. ఒక్కొక్క జాతికి నడవడి, బాల్యదశలు, మేతమొక్కలు చెప్పబడినవి. విద్యార్థి చేతికి ఇచ్చుటకు దీనికంటె మంచి పుస్తకము నాకు తోచదు. అందులకే దీనిపై నా ఫిర్యాదు ఎక్కువ. కుంటే గారు 1997లోనే, పడమటి కనుమల ఉత్తరభాగమున నాలుగు విధములైన తావులలో సీతాకోకచిలుకలను ఋతువుల వారీగా లెక్కించి, వానల చివర, చలికాలపు తొలిదినములలో వాని సంఖ్యయు వైవిధ్యమును హెచ్చుగా ఉండునని చూపిరి. అనగా ఋతువు విలువ ఎరుగని వారు కారు. అయినను గ్రంథములో మేతమొక్కల వరుసకు వచ్చునప్పటికి నెలలు జారిపోయినవి. 2018లో ఆయనయు, నితిన్, బాలకృష్ణన్ మొదలగువారును కలిసి కనుమల సీతాకోకచిలుకలలో మూడు వందలకు పైబడిన జాతులకు మేతమొక్కల మహాపట్టికను ప్రకటించిరి. ఎంతో శ్రమతో కూడిన పని అది. అందును మొక్క ఉన్నది, కాలము లేదు.

నెల లేకపోయిన నేమి, మొక్క పేరు తెలిసిన చాలదా అని అడుగువారుందురు. మూడు మొక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. జిల్లేడు ప్లెయిన్ టైగర్ అను నారింజరంగు సీతాకోకచిలుకకు మేత. గంగవాయిలి కూర డనైడ్ ఎగ్‌ఫ్లై అను మరొక జాతికి మేత. పల్లేరు డార్క్ గ్రాస్ బ్లూ అను గోరంత నీలిదానికి మేత. పట్టికలో ఈ మూడును ఒకే అక్షరములలో, ఒకే బరువుతో అచ్చయియుండును. పొలములో ఇవి మూడు వేరు ప్రపంచములు. జిల్లేడు రోహిణి ఎండలో కూడ పాలు నిండి నిలుచును. ఎండాకాలపు అన్నసత్రము అది. పల్లేరు తొలకరి జల్లుకు చెలకలో మొలిచి, పూచి, కాచి, ముళ్ళు రాల్చి, వానలు వెనుకబట్టిన కొలదినాళ్ళకే ఎండిపోవును. గంగవాయిలి తడి ఉన్న చోట ఉండును, గుంటుక తగిలిన చోట పోవును, పోగా మిగిలినది పప్పులోనికి పోవును. మొదటిదానిపై బ్రతుకు జాతి పన్నెండు నెలలు సంతానము కనగలదు. రెండవ, మూడవ వానిపై ఆధారపడినవి తక్కిన నెలలలో వేరు మొక్క వెదకుకొనవలెను, లేదా తడి ఉన్న చోటికి పోవలెను. పేర్ల పట్టిక ఈ తేడాను దాచివేయుచున్నది.

పై రెండు జాతులకును మరొక సంబంధము కలదు. జిల్లేడు పాలు త్రాగి పెరిగిన ప్లెయిన్ టైగర్ పక్షులకు రుచింపదు. ఒకసారి తిని కక్కిన పక్షి మరల దాని జోలికి పోదు. డనైడ్ ఎగ్‌ఫ్లైలో ఆడది సరిగా ఆ వేషమే వేసికొని బ్రతుకుచున్నది. అసలుది ఊరిలో లేనిచో వేషమునకు విలువ లేదు. కావున గంగవాయిలి తిని పెరుగు పురుగునకు, తాను తినని జిల్లేడు కూడ పరోక్షముగా అవసరమే. జిల్లేడు ఉన్నను మగ ప్లెయిన్ టైగర్‌కు అంతటితో సరిపోదు. ఆడదానిని ఆకర్షించు వాసన తయారుచేసికొనుటకు గిలిగిచ్చ, జనుము జాతుల మొక్కలనుండియు, తేలుకొండి ఎండుకొమ్మల నుండియు ఒక క్షారమును పీల్చుకొనును. ఇది తేనెయు కాదు, మేతయు కాదు. ఈ మూడవ అవసరమునకు మన పట్టికలలో గడియే లేదు.

ఇక పప్పుధాన్యముల కథ చూడుడు. పీ బ్లూ అను చిన్న నీలి సీతాకోకచిలుక కంది, చిక్కుడు, అలసంద మొదలగు వాని మొగ్గల మీద గ్రుడ్డు పెట్టును. పురుగు పువ్వును, లేతకాయలోని గింజను తినును. గ్రామ్ బ్లూ అనునది మినుము, పెసర, అలసందల మీద అట్లే చేయును. ఇచ్చట ఆకు కాదు, మొగ్గ కావలెను. మొగ్గ ఆయుష్షు కొలదిదినములు. వానాకాలపు పెసర, మినుములు శ్రావణమునకు పూతకు వచ్చి భాద్రపదమునకు ఇంటికి చేరును. కంది కార్తీకము ప్రాంతమున పూయును. పెరటి చిక్కుడు చలికాలమంతయు పూయును. మాఘ ఫాల్గుణములలో పొలము వట్టిపోవు వేళకు అడవిలో మోదుగ పూయును. పీ బ్లూ దాని మొగ్గలపై కూడ పెరుగగలదు. గట్టు మీది గిలిగిచ్చ సందులను పూరించును. ఇట్లు ఒక చేతినుండి మరొక చేతికి బిందె అందించినట్లు, పంట నుండి పెరటికి, పెరటి నుండి అడవికి ఆహారము అందుచున్నది. ఈ వరుసలో ఏ ఒక్క చేయి లేకున్నను బిందె పడిపోవును. చెలకలలో పెసర, మినుము, కంది కలిపి వేయు పద్ధతి తగ్గి, బోరు క్రింద వరియో, కనుచూపు మేర మొక్కజొన్నయో పరచుకొన్న ఊరిలో పట్టికలోని మొక్కలన్నియు ఎక్కడో ఒకచోట ఉండియే యుండవచ్చును. కాని వరుస తెగును. పట్టికను చూచి ఇచ్చట మేతమొక్కలు పుష్కలముగా ఉన్నవని వ్రాసిన పరిశీలకుడు అబద్ధము వ్రాసినవాడు కాడు. నిజమును చూడనివాడు మాత్రము అగును.

జీలుగ మరింత విచిత్రమైనది. పచ్చిరొట్ట కొరకు తొలకరికి రైతులు జీలుగ చల్లుదురు. నలుబదియైదు, ఏబది దినములకు పూత దశలో దానిని దున్ని మడిలో కలిపివేయుదురు. కామన్ గ్రాస్ యెల్లో అను పసుపుపచ్చని సీతాకోకచిలుకకు జీలుగ ప్రియమైన మేత. గ్రుడ్డు నుండి రెక్కలు వచ్చు వరకు దానికి సుమారు మూడు వారములు, ఒక్కొక్కప్పుడు నాలుగు పట్టును. విత్తిన పదునైదు ఇరువది దినములకు గాని జీలుగకు గ్రుడ్లు పెట్టదగిన ఆకు రాదు. లెక్క వేసిన యెడల, మొదట పెట్టిన గ్రుడ్లకు మాత్రమే సమయము చాలును. ముప్పదవ దినమున పెట్టిన గ్రుడ్డు పురుగై ఉండగానే నాగలి వచ్చును. అనగా పొలము పచ్చగా పిలిచి, ఆకు పెట్టి, నడుమ విస్తరి లాగివేయుచున్నది. రైతుది తప్పని నేను చెప్పుట లేదు. భూమికి సత్తువ కావలెను, దానికి దున్నవలసినదే. నేను చెప్పునది పుస్తకమును గూర్చి. మేతమొక్క: జీలుగ అని వ్రాసి ఊరకొన్నచో అది మేలు చేయునో కీడు చేయునో తెలియదు. ప్రక్కన సీమచింత కంచె గాని, తంగేడు పొద గాని ఉన్న ఊరిలో ఆ జాతికి మరొక దారి ఉన్నది. లేని ఊరిలో జీలుగ మడి వలవంటిది కావచ్చును.

తంగేడు మాట వచ్చినది కనుక ఒక్క క్షణము ఆగుదును. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పముగా ప్రకటింపబడిన తంగేడు, ఎమిగ్రెంట్ అను వెలవెలబారిన ఆకుపచ్చ తెలుపు సీతాకోకచిలుకలకు మేత. భాద్రపద అమావాస్య నుండి తొమ్మిదినాళ్ళు బతుకమ్మ కొరకు గంపలకొలది తంగేడు పూలు కోయుట చూచి జీవులకు నష్టమని విచారించువారు కలరు. పూలు కోసినందువలన పురుగునకు ఆకలి కలుగదు. దానికి కావలసినది లేత ఆకు. పొద మిగిలిన చాలును. గునుగు పూలు మాత్రము చిన్నజాతులకు తేనెపువ్వులు. గునుగు మొలచునది మొక్కజొన్న, జొన్న చేలలో కలుపుగా. బతుకమ్మకు గునుగు దొరకుట కష్టమగుచున్నదని ఏ ఊరివారైనను చెప్పినచో, ఆ మాటను సీతాకోకచిలుకల పరిశీలకుడు కూడ వ్రాసికొనవలెను.

వ్యవసాయ గ్రంథముల సంగతి మరొక విధము. వరిలో కొమ్ముల పురుగు అనియు, ఆకుచుట్టి తిను స్కిప్పర్ పురుగు అనియు వర్ణింపబడునవి రెండును సీతాకోకచిలుకల పిల్లలే. మొదటిది పెరిగి ఈవెనింగ్ బ్రౌన్ అను, సందెవేళ ఇండ్లలోనికి దీపమునకు వచ్చు గోధుమరంగు సీతాకోకచిలుక అగును. రెండును వరికి చిల్లర శత్రువులు. పెద్దనష్టము చేయునవి కావు. కాని ఒక పుస్తకములో ఇది పురుగు, మరొక పుస్తకములో ఇది చిలుక. మొదటి పుస్తకము చదివినవాడు రెండవది చదువడు. మొదటి పుస్తకములో నెలలు నిక్కచ్చిగా ఉన్నవి, ఏ దశలో ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు చూడవలెనో అన్నియు ఉన్నవి, ఎందుకనగా చంపుటకు కాలము తెలియవలెను. కాపాడుటకు వ్రాసిన పుస్తకములో కాలము లేదు. సీతాకోకచిలుకల అభిమానులు ఈ విషయములో పురుగుల శాస్త్రజ్ఞులను గురువులుగా గ్రహించుట అవమానము కాదు.

ఈవెనింగ్ బ్రౌన్ ఋతువును ఒంటి మీదనే వ్రాసికొన్న జీవి. వానాకాలమున పుట్టినదాని రెక్క అడుగున కళ్ళవంటి చుక్కలు స్పష్టముగా ఉండును. ఎండదినములకు పుట్టినది ఎండుటాకును పోలి, చుక్కలు మాసి, అంచు కోసుగా ఉండును. నేలమీది ఎండుటాకులలో పడియుండి కాలము గడుపును. గడ్డి లేని నెలలలో గ్రుడ్లు పెట్టక కాచుకొని ఉండుట ఇట్టివాని పాత పద్ధతి. యాసంగి వరి వచ్చిన తరువాత ఫాల్గుణ చైత్రములలో కూడ పోచారము క్రింద పచ్చని ఆకు ఉన్నది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనది ఈ ప్రాంతముననే, సదాశివనగరు పాతచెరువు వద్ద. పూడిక తీసిన చెరువుల క్రింద తడి మరికొంత కాలము నిలుచును. తడి పెరిగిన చోట గొబ్బి వంటి నీటి అంచు మొక్కలు పెరుగును, వానిపై పీకాక్ పాన్సీ పెరుగును. కనుక మనుష్యుడు నీరు పారించినందున అన్ని జాతులును నష్టపడినవని ఏడ్చుట సరికాదు. కరివేప, నిమ్మ మీద బ్రతుకు లైమ్ బటర్‌ఫ్లై వైశాఖములో కూడ ఊరిలో కనబడుటకు కారణము, స్నానపు నీరు కరివేప పాదులోనికి పారుటయే. నష్టపడునవి పొడినేల జాతులు: కంచెలలోని ఆదొండ, ఉప్పి మీద పెరుగు తెల్లజాతులు, రేగు మీది పియరో జాతులు, రత్నపురుష మీది టానీ కోస్టర్. కంచె కొట్టి ఇనుపతీగ కట్టిన చోట, గెట్టు చెక్కి మడిలో కలిపిన చోట వానికి ఏ ఋతువును మిగులదు.

గెట్టును గూర్చి మరికొంత చెప్పవలెను. పూర్వము కలుపు తీయుట విడతలుగా జరిగెడిది. ఒక చేను తీసినప్పుడు ప్రక్క చేను ఉండెడిది. గెట్టు మీది మొక్క పశువునకు మేతగా ఉండెడిది. కలుపుమందు ఒకే వారములో ఊరంతటిని తుడిచివేయును, గెట్టును కూడ విడువదు. దీని ఫలము అమెరికాలో కొలిచి చూచినారు. మధ్య పశ్చిమ రాష్ట్రములలో కలుపుమందును తట్టుకొను మొక్కజొన్న, సోయాచిక్కుడు వంగడములు వచ్చిన పిదప, 1999 నుండి 2010 వరకు మిల్క్‌వీడ్ అను పాలమొక్కలు నూటికి 58 వంతులు తగ్గెననియు, వానిపై పెరుగు మొనార్క్ సీతాకోకచిలుకల ఉత్పత్తి ఆ ప్రాంతమున నూటికి 81 వంతులు తగ్గెననియు ప్లెజెంట్స్, ఓబర్‌హౌజర్ గార్లు 2013లో ప్రకటించిరి. మొక్కలకంటె సీతాకోకచిలుకలు ఎక్కువగా తగ్గుటకు కారణమున్నది: పోయిన మొక్కలు పొలములోనివి, మొనార్క్ ఎక్కువగా గ్రుడ్లు పెట్టునవి అవియే. మన ప్లెయిన్ టైగర్ మొనార్క్‌కు దగ్గరి చుట్టము. మన జిల్లేడు మిల్క్‌వీడ్ కుటుంబమునకు చెందినదే. మనకు భాగ్యవశమున జిల్లేడు మొండిది. కాని ప్రతి జాతికి జిల్లేడు వంటి మేత దొరకలేదు.

మొక్క ఉండియు వేళకు లేకపోయినందువలన ఒక జాతి నశించిన కథ కాలిఫోర్నియాలో జరిగినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాస్పర్ రిడ్జ్ అను రక్షితస్థలములో చెకర్‌స్పాట్ అను సీతాకోకచిలుకను ఎర్లిక్ గారును శిష్యులును 1960 నుండి లెక్కించుచు వచ్చిరి. దాని మేతమొక్క ఒక చిన్న ఏకవార్షికపు మొక్క. వసంతమున ఆ మొక్క ఎండకముందు పురుగు కొంత పెరిగి నిద్రలోనికి పోవలెను. మొక్క ముందు ఎండినచో పురుగు ఆకలితో చచ్చును. వర్షముల తీరు ఏటేటికి హెచ్చుతగ్గులై ఈ వేళ తప్పుచు వచ్చి, 1998 నాటికి ఆ జాతి అచ్చట లేకుండపోయినది. భూమి రక్షితమే, ఎవరును దున్నలేదు, మొక్కయు మాయము కాలేదు. పట్టికలో ఆ మొక్క పేరు నేటికిని ఉన్నది!

ఇప్పుడు ఈ పట్టికలను నమ్మి చేయుచున్న పనులను చూతము. పట్టణములలో సీతాకోకచిలుకల వనములనుచు పెంచునవి ఎక్కువగా రంగురంగుల తేనెపువ్వులు. లంటానా పెట్టినచో సీతాకోకచిలుకలు గుమిగూడును, సందర్శకుడు సంతోషించును. ఆ లంటానా పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో పరదేశము నుండి వచ్చి మన అడవులను ఆక్రమించిన మొక్క. మన సీతాకోకచిలుకల పురుగులు దాని ఆకు ముట్టవు. గట్టుల మీది గడ్డిచేమంతి కూడ పరదేశిదే, కాని అది చలికాలమంతయు చిన్నజాతులకు తేనె ఇచ్చుచు గెట్టు మీద తన కూలి తాను సంపాదించుకొనుచున్నది. దానిపై నాకు కోపము లేదు. పల్లెలలో 2015 నుండి హరితహారము, 2020 నుండి పల్లె ప్రకృతి వనములు వచ్చినవి. ఇవి మంచివి. రేల, మారేడు, వెలగ, కానుగ నాటిన చోట కొన్ని జాతులకు మేలే. కాని నర్సరీలో పెరుగునది చెట్టు; పల్లేరు, రత్నపురుష, గంగవాయిలి, దురదగొండి ఏ నర్సరీలోను పెరుగవు, పెంచవలసిన అవసరమును లేదు. వానిని చంపకుండ ఏ గెట్టును ఏ కార్తె వరకు విడువవలెనో చెప్పవలెను. దానికి కావలసినది మొక్క కాదు, పంచాంగము. మన పట్టికలు నాటుటకు పనికివచ్చునట్లు వ్రాయబడినవే గాని విడుచుటకు పనికివచ్చునట్లు వ్రాయబడలేదు.

నా ఫిర్యాదునకు ఒక సమాధానము కలదు, అది బలమైనదే. నెల వ్రాసినచో ఒక చోటికి సరిపోవును, మరొక చోటికి సరిపోదు. పూనాలో శ్రావణము, కారవారులో శ్రావణము, జుక్కల్‌లో శ్రావణము ఒకటి కావు. ఒకే ఊరిలో కూడ ఒక ఏడు మృగశిరకు, మరొక ఏడు పునర్వసుకు వాన వచ్చును. దేశమంతటికి వ్రాయు గ్రంథకర్త నెలలు విడుచుట తెలివియే కావచ్చును. అయితే పని ఎవరిది? ఆ ప్రాంతపు వారిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అట్లూరి, వెంకటరమణ, సుబ్బారెడ్డి గార్లు విశాఖపట్టణపు సీతాకోకచిలుకలను ఒక్కొక్కదానిని పట్టుకొని, జీవితచక్రమును మేతమొక్కలను పరిశీలించి వ్రాసిరి. ఎమిగ్రెంట్‌ను గూర్చిన వారి వ్యాసము 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చినది. నాగపూరులో టిప్లే గారును సహచరులును అట్టి పని చేసిరి. నాగపూరు వాతావరణము కారవారుకంటె కామారెడ్డికి ఎంతో దగ్గర. ఇంగ్లండులో 1976 నుండి ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు వారమునకొకసారి ఒకే దారి వెంట నడచి సీతాకోకచిలుకలను లెక్కించు పథకము సాగుచున్నది. నడచువారిలో పెద్దభాగము ఉద్యోగులు కారు, అభిరుచి గలవారు. మనకు అట్టి దారి కొరకు వెదకనక్కరలేదు. లింగంపేట వైపు ఏ పాఠశాల నుండియైనను పిల్లలు ఇంటికి పోవు గెట్టు చాలును. నెలలకు బదులు కార్తెలు వ్రాసికొన్నచో ఇంకను మేలు. కార్తెకు పదమూడు పదునాలుగు దినములు, అనగా ఒక పురుగు బ్రతుకు అంత. రైతు విత్తుట, గుంటుక తోలుట, కోయుట అంతయు కార్తెలలోనే చెప్పును. సీతాకోకచిలుక బ్రతుకు ఆ పనుల నడుమ సందులలో ఉన్నది. మూడు గడులు చాలును: ఆకు లేతగా ఉన్నదా, పురుగు ఉన్నదా, ఆ వారము పొలములో ఏ పని జరిగినది. మూడవ గడి ఇంతవరకు ఏ పట్టికలోను నేను చూడలేదు.

ఆ గడులు నింపువారికి ఒక మొక్కను ముందుగా సూచింతును. మద్నూరు, జుక్కల్‌ల వంటి రేగడి నేలలకు తగిన కలుపు గాడిదగడపాకు. వాసన చెడ్డది, రైతునకు విసుగు, పశువు ముట్టదు. కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అను రెండు అందమైన సీతాకోకచిలుకల పురుగులకు ఇది మేత. ఈ కుటుంబపు ఇతర తీగెయైన ఈశ్వరి అడవి అంచులలో దొరకును గాని రేగడి మధ్యకు రాదు. గాడిదగడపాకు వేరు లోతున నిలిచి, దున్నిన తరువాత మరల చిగుర్చును. సోయాచిక్కుడు తీసి శనగ విత్తుటకు నేల దున్ను స్వాతి, విశాఖ కార్తెలలో పై ఆకు పోవును. అది మరల చిగుర్చుటకు ఎన్ని దినములు పట్టునో, అంతలో పురుగులేమగునో, పట్టికలు చెప్పవు. శనగ చేలు దున్నుచుండగా గెట్టు వెంట నడచి చూచినవాడు చెప్పగలడు.